కళ్లు తెరిచిన ఫిల్మ్

వాన పడుతోందని నేను చెబితే మా గల్లీలో ఎవరూ గొడుగు తెరవరు. ముందు చెయ్యి బయటికి చాపి చూసుకుంటారు. సూరత్ పక్కన ఈ భేస్తాన్‌లో ముప్పై ఏళ్లుగా నాకున్న పరపతి అది. కొత్తగా వచ్చిన రోజుల్లో తాపీ నదిని నడిచి దాటానని అందరికీ చెప్పాను. అది ఎండాకాలమనీ, నీళ్లు మోకాలి దాకే ఉన్నాయనీ చెప్పలేదు. అది బయటపడ్డాక ఇక నేను ఏం చెప్పినా సగానికి కోసి వినడం అలవాటు చేసుకున్నారు.

అందుకే ఇది చదివే చిన్నవాళ్లకు ముందే ఒప్పుకుంటున్నాను. ఇందులో ఒక పెద్ద అబద్ధం ఉంది. కాకపోతే అది ఇప్పుడు ఆడుతున్నది కాదు, ఎప్పుడో ఆడినది. దాని వెనక పరుగెత్తి, దాన్ని ఎలాగో నిజం చెయ్యాలని నేను పడ్డ పాట్లే ఈ జ్ఞాపకం.

దగ్గర్లోని సచిన్ అనే ఊళ్లో ఒక చీరల ప్రింటింగ్ మిల్లులో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. నా పని ఎక్స్‌పోజింగ్ గదిలో. చీర మీద పువ్వు పడాలంటే ముందు ఆ పువ్వు ఒక జాలీ తెర మీద పడాలి. తెరకు మందు పూసి, చీకట్లో ఆరబెట్టి, పువ్వు బొమ్మ ఉన్న ఫిల్మ్‌ను దాని మీద పరిచి లైటు వేస్తాం. వెలుగు తగిలిన చోట మందు గట్టిపడుతుంది. బొమ్మ నీడలో ఉన్న చోట నీళ్లు కొడితే కొట్టుకుపోతుంది. ఆ ఖాళీల్లోంచే తర్వాత రంగు గుడ్డ మీదకు దిగుతుంది. ఇంతే మా విద్య. ఇందులో ఒకే ఒక్క నియమం గుర్తుంచుకోండి. ఫిల్మ్‌కు ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక. మసక వైపు ఎప్పుడూ కిందికి, తెరకు ఆనుకుని ఉండాలి. లేకపోతే గీతలు చెదిరిపోతాయి. ఇరవై ఏడేళ్లు నా చేతులు నన్ను అడగకుండానే ఆ పని చేశాయి. నా పరువు తీసింది కూడా చివరికి ఆ అలవాటే.

ఆ గదిలో నాతో పాటు ఇంకొకాయన ఉండేవాడు. తెలంగాణలో మా జిల్లా మనిషే, నాకంటే ఆరేళ్లు పెద్ద. రక్తసంబంధం లేకపోయినా అన్నా అని పిలిచేవాణ్ణి. గల్లీలో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య రెండే తలుపుల దూరం. మిల్లులో మా ఇద్దరి మధ్య ఒక తెర. నేను మాట్లాడేవాణ్ణి, ఆయన వినేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న బూతద్దం ఒకటి ఉండేది. ఫిల్మ్ మీద చుక్కలు సరిగ్గా వచ్చాయో లేదో దానితో చూసేవాడు. నేను ఏదైనా గొప్పలు మొదలుపెడితే ఆ అద్దం తీసి నా ముఖానికి అడ్డంగా పట్టుకుని, "చెప్పు తమ్మీ, ఎంత పెద్దగైతదో జూస్త" అనేవాడు.

ఏళ్ల తరబడి చీకట్లో పనిచేసినందువల్లనో ఏమో, ఆయన కళ్లకు వెలుగు పడేది కాదు. ఫోటో తీస్తామంటే చాలు, కళ్లు వాటంతటవే మూసుకునేవి. పెళ్లిళ్లలో, బతుకమ్మ దగ్గర, ఎక్కడ నిలబడినా అంతే.

ఒక్కసారి మాత్రం మూయలేదు. పాత సామాన్ల బజారులో నేనొక కెమెరా కొన్నాను. రీలు వేసి తీసే రకం. ఫ్లాష్ లేదు. దసరా నాడు మిల్లు గేటు పక్కన నీడలో అన్నను నిలబెట్టాను. "ఏం తీస్తవు తీయి" అని సూటిగా చూశాడు. నొక్కాను. మిగతా రీలంతా మా ఇంటి పిల్లిని, మబ్బులను, నా బొటనవేలిని తీశాను. తర్వాత కెమెరా బిగుసుకుపోయింది, మళ్లీ పనిచెయ్యలేదు. రీలు కడగడానికి స్టూడియోకు ఎందుకని, మాకు పని చెప్పే మాస్టర్ భోజనానికి వెళ్లిన సమయంలో మిల్లు మందులోనే ముంచేశాను. అది డిజైన్ ఫిల్మ్ కోసం తయారైన గట్టి మందు. రీలు మాడిపోయింది. పిల్లి, మబ్బులు, వేలు అన్నీ పోయాయి. అన్న ఫోటో ఒక్కటి మిగిలింది. అదీ నెగెటివ్‌లో ముఖమంతా నల్లటి దిమ్మెలా ఉంది.

పాడు చేశానని చెప్పుకోవడం నా వంశంలో లేదు. "అన్నా, నీ ఫోటోను బొంబాయి పోటీకి పంపిన. ప్రైజొచ్చింది. ఆడ పెద్ద హాలుల గోడకు పెట్టిండ్రట" అని చెప్పాను. అన్న బూతద్దం తియ్యలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఆ హాలుకు నేను పాలరాయి మెట్లు కట్టించాను, ఎర్ర తివాచీ పరిపించాను. ఒక మంత్రిగారికి ఆ ఫోటోను చూపించి, ఆయన చేత "ఈ కళ్లు ఎవరివి?" అని కూడా అడిగించాను.

ఫిల్మ్ అక్కర్లేని కంప్యూటర్ మిషన్ వచ్చి మా గదికి తాళం పడింది. యాభై రెండేళ్లకే నేను రిటైరయ్యాను. ఆ రోజు చెత్తలో పారేస్తున్న వాడని ఫిల్మ్ డబ్బా ఒకటి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, "గుర్తుకు" అన్నాను. అది నిజమే. ఆమె నమ్మలేదు.

రెండోసారి కరోనా రోగం ఊరి మీద పడ్డ ఎండాకాలం, అన్నకు ఊపిరి అందక అంబులెన్సులో తీసుకెళ్లారు. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. మేం వెళ్లేసరికి సంచిలో పెట్టి మూసేశారు. దూరంగా నిలబడి దండం పెట్టమన్నారు. పెట్టి వచ్చాం. ఆయన భార్య, మా వదినె కూడా ఆఖరిసారి ఆయన ముఖం చూడలేదు. ఎవరినీ చూడనివ్వలేదు.

పదకొండో రోజు దాటాక ఒక మధ్యాహ్నం వదినె మా గడపలోకి వచ్చి కూర్చుంది. మా ఆవిడ మిషన్ మీద చీరలకు లేసు కుడుతోంది. వదినె ఆ లేసు కొసను వేళ్లతో సవరించింది. తర్వాత నాతో అంది:

"తమ్మీ, అందరి ఫోన్లల్ల జూసిన. ఏడ జూసినా కండ్లు మూసుకునే ఉన్నడు."

"ఆయన అలవాటే గదా వదినె."

"ఆ సంచిల సుత గట్లనే ఉండి ఉంటడు. గది నేను జూడలే, మంచిదే అయింది. కండ్లు తెరిసింది ఒక్కటి గావాలె నాకు. నువ్వు బొంబాయికి పంపింది ఉన్నది గదా. ఆళ్లను అడిగి జర తెప్పియ్యి. ఒక్కసారి జూసి మళ్ల పంపుత."

మా ఆవిడ మిషన్ ఆగిపోయింది.

అక్కడే చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కాని నా నోరు తెరిస్తే ఏం వస్తుందో మీకు తెలిసిందే. "గంతేనా వదినె? బొంబాయిల ఇప్పుడు అంత బందున్నది. తెరువంగనే తెప్పిస్త. పదిహేను దినాలు" అన్నాను.

ఆమె వెళ్లాక మా ఆవిడ లేసు పక్కన పెట్టింది.

"ఏ గోడకున్నదో ఆ గోడ పేరు జెప్పు."

నేను మా ఇంటి గోడ వైపు చూశాను.

"గిన్నేండ్లు నీ ముచ్చట్లకు నవ్విన. ఇయ్యాల నవ్వొస్తలేదు. గా అక్కకు నువ్వు ఏం జేస్తవో చెయ్యి. లేకుంటే నేనే పోయి చెప్త."

ఇనప డబ్బాలో వెతికితే నెగెటివ్ దొరికింది. బొటనవేలంత ముక్క. మా ఇంటి ఎదురుగా ఉండే పిల్లలు ఫోన్‌తో తీసి, నలుపును తెలుపుగా తిప్పి చూశారు. చొక్కా వచ్చింది, గేటు వచ్చింది, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ వచ్చింది. నేను మాడ్చిన ముఖంలోంచి ఫోన్ చూడలేకపోయింది. గట్టి లైటు వేసి, నిమిషాల కొద్దీ ఓపికగా వెలుగును దాటించగలిగితే తప్ప లోపల ఉన్న కళ్లు బయటికి రావు. దానికి ఫోటోను పెద్దది చేసే మిషన్ కావాలి, చీకటి గది కావాలి. స్టూడియోలన్నీ మూతబడ్డాయి. తెరిచి ఉన్నా ఇప్పుడు అలాంటి మిషన్ ఎవరి దగ్గరుంది?

సరే, నేనే తయారు చేశాను. ఈ ఒక్క వాక్యం చదివి మా గల్లీ వాళ్లు చెయ్యి బయటికి చాపి చూసుకుంటారని నాకు తెలుసు. కాని సామాను ఇంకా మా అటక మీదే ఉంది, వచ్చి చూడొచ్చు.

బిగుసుకుపోయిన కెమెరా వెనక తలుపు ఊడదీశాను. రీలు ఉండే చోట అన్న నెగెటివ్‌ను పెట్టాను. లోపలి రెప్పను అగ్గిపుల్లతో తెరిచి ఆపాను. వెనక పాలపొడి డబ్బాలో బల్బు, బల్బుకు కెమెరాకు మధ్య పెరుగు డబ్బా తెల్ల మూత. వెలుగు మూతలోంచి సమంగా పరుచుకుని, నెగెటివ్‌ను దాటి, లెన్సులోంచి కిందికి పడుతుంది. ఇరవై ఏళ్ల కింద ఏ కంటిలోంచి అన్న లోపలికి వెళ్లాడో, అదే కంటిలోంచి బయటికి రావాలి.

ఇక దీన్ని ఎత్తులో నిలబెట్టి, పైకీ కిందికీ జరపాలి. గదిలో అలా జరిగే వస్తువు ఒక్కటే ఉంది. నా సైకిల్ సీటు. పాత సైకిల్ ఫ్రేము ముక్క ఒకటి చెక్కకు బిగించి, నా సైకిల్ సీటును గొట్టంతో సహా పీకి అందులో దూర్చాను. బోల్టు వదులు చేస్తే జరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. సీటు ముక్కు కింద కెమెరాను నేలవైపు చూసేలా కట్టాను. దేవుడి గూట్లోని ఎర్ర బల్బు చీకటి గదికి వచ్చింది. ఆ ఎర్ర వెలుగు మా ఫిల్మ్‌ను ఏమీ చెయ్యదు. కిటికీకి మూడు వరసల నల్ల గుడ్డ కొట్టాను. మందులకు మూడు తొట్లు కావాలి. మా ఆవిడ పిండి కలిపే తొట్టి, పప్పు నానబెట్టేది, ఇంకొకటి తీస్తుంటే చూసింది.

"అవి మళ్ల వంటకు పనికొస్తయా?"

"రావు."

"మరి కొత్తయి బొంబాయి నుంచి తెప్పిస్తవా?"

అంది గాని తొట్లు కడిగి తనే అందించింది. వదినె దగ్గరికి వెళ్లి, గూటానికి వేలాడుతున్న అన్న చొక్కా జేబులోంచి బూతద్దం కూడా తెచ్చి ఇచ్చింది. "ఏందో చూసుకోవాలన్నడు అని చెప్పిన. ఎందుకని అక్క అడగలే" అంది.

ఇక కావాల్సింది మందులే, బొమ్మను తేల్చే డెవలపర్, దాన్ని నిలబెట్టే హైపో. అవి ఉంటే గింటే మా పాత మాస్టర్ దగ్గరే ఉండాలి. ఆయన గుజరాతీ పెద్దమనిషి, ఊరికి ఆ చివర వరాఛాలో వజ్రాలు సానపట్టే కొడుకు దగ్గర ఉంటున్నాడు. సైకిల్ తీశాను. సీటు లేదు. దాన్ని విప్పితే రెండు రోజులు కష్టపడి సరిచేసిన ఎత్తు పోతుంది. కాబట్టి భేస్తాన్ నుంచి వరాఛా దాకా నిలబడే తొక్కాను. మధ్యలో ఒక పోలీసు ఆపాడు. నా మాస్కు చూడలేదు, సైకిల్ చూశాడు.

"సీటేదీ?"

"ఫోటో మిషన్‌లో ఉంది సాబ్" అని నిజం చెప్పాను.

లాఠీ లేచింది.

"దొంగలెత్తుకుపోయారు సాబ్!"

"అయ్యో పాపం, రోజులు ఎట్లా తయారయ్యాయి చూడు" అని దారి ఇచ్చాడు. నిజం మీద నాకు నమ్మకం కలగకపోవడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

మాస్టర్‌ను కొడుకు కిందికి దిగనివ్వలేదు. రెండో అంతస్తు బాల్కనీలోంచి ఆయన, గల్లీలోంచి నేను అరుచుకున్నాం. ఆయన మాట్లాడింది హిందీ, నేను మన భాషలో రాస్తున్నాను.

"ఏం కావాలి?"

"డెవలపర్, హైపో!"

"మళ్లీ దొంగతనంగా రీలు కడుగుతావా? ఆ దసరాకు నా డెవలపర్ అరలీటరు తగ్గింది. ఎవరు తాగారో నాకు తెలియదనుకున్నావా?"

చుట్టుపక్కల బాల్కనీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఇరవై ఏళ్ల రహస్యం ఆ అపార్ట్‌మెంటు మొత్తానికి తెలిసిపోయింది. ఇది అన్న ముఖం కోసమని చెప్పాను. మాస్టర్ రెండు చేతులూ పిట్టగోడ మీద పెట్టి కాసేపు తల వంచుకున్నాడు. లోపలికి వెళ్లి, తాడుకు కట్టిన బుట్ట కిందికి దింపాడు. అందులో రెండు పాకెట్లు ఉన్నాయి.

"నువ్వు ఫిల్మ్ ఎత్తుకెళ్లావు, నేను మందు ఎత్తుకొచ్చాను. విను. మనం బతుకంతా నలుపు, తెలుపు చేశాం. పువ్వుకు అది చాలు. మనిషి ముఖానికి ఆ రెండింటి మధ్యవన్నీ కావాలి. మందులో పదింతలు నీళ్లు కలుపు. చాయ్ కంటే పల్చగా. తొందరపడకు."

బుట్ట పైకి లాక్కుంటూ, "నాకూ ఒకటి చూపించు" అన్నాడు, ఈసారి అరవకుండా.

మిల్లు నుంచి తెచ్చిన డబ్బాలో ఫిల్మ్‌లు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పనికొచ్చేవి నాలుగే. మొదటిది ముక్కలు చేసి వెలుగు ఎంతసేపు కావాలో చూశాను. ఏడు నిమిషాలు. రెండో షీటు పూర్తిగా వేశాను. రేకుల కప్పు కింద మిట్టమధ్యాహ్నం, తలుపు మూసి, చెమట తొట్లో పడకుండా తలకు తువ్వాలు కట్టుకుని. బొమ్మ వచ్చింది. అన్న ముఖం నీళ్లలోంచి చూసినట్టు అలలు అలలుగా ఉంది. కళ్ల చోట రెండు మరకలు. మూడోదీ అంతే.

బూతద్దంతో చూస్తే ఫోకస్ సరిగ్గానే ఉంది. మరి తప్పెక్కడ? తలపట్టుకుని నేల మీద కూర్చున్నాను. కూర్చున్నాక గాని తెలియలేదు. నేల వణుకుతోంది. మా గోడకు ఆనుకునే సాంచాల కార్ఖానా ఉంది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడులోనే తిన్నాం, పడుకున్నాం. చెవులకు అది వినిపించడం మానేసి చాలా కాలమైంది. కాని నా కెమెరా వేలాడుతున్నది స్ప్రింగులున్న సైకిల్ సీటు కింద. స్ప్రింగుల్లో చెక్క ముక్కలు కొట్టాను, తాళ్లతో బిగించాను. లాభం లేదు. నేలే వణుకుతుంటే దేన్ని బిగిస్తాం? మొదటి లాక్‌డౌన్‌లో అయితే సాంచాలన్నీ బందే. ఇప్పుడు సగం మంది ఊళ్లకు వెళ్లినా, మిగిలిన సగం మంది రాత్రింబవళ్లు నడిపిస్తున్నారు. మీటరుకు ఇంతని కూలి. ఆగితే వాళ్ల పొట్ట మీద దెబ్బ.

చేతిలో ఒకే ఒక్క షీటు ఉంది. పదిహేను రోజుల్లో పద్నాలుగు అయిపోయాయి.

కార్ఖానాకు వెళ్లాను. మేస్త్రి మన వైపు మనిషే, నాకంటే చిన్నవాడు. చప్పుడులో నా మాట వినడానికి తలుపు దగ్గరికి వచ్చాడు.

"కరెంటాఫీసు నుంచి తనిఖీకి వస్తున్నరట. జర సాంచాలు బంద్ జెయ్యాలె" అన్నాను.

"కాకా, మొన్న టాక్సోళ్లు వస్తున్నరన్నవ్. అంతకు ముందు భూకంపమన్నవ్. అసలు ముచ్చటేందో చెప్పు."

చెప్పాను. బొంబాయి గోడ దగ్గర్నుంచి స్ప్రింగుల దాకా మొత్తం. జీవితంలో మొదటిసారి ఒక సంగతిని పెంచకుండా చెప్పాను. అందుకేనేమో చాలా చిన్నగా అయిపోయింది.

మేస్త్రి మాస్కు సరిచేసుకున్నాడు. "నా బిడ్డకు జరమొచ్చినప్పుడు ఆయన సైకిల్ మీదనే దవాఖానకు పోయినం. ఎన్ని నిమిషాలు?"

"ఏడు."

"నీ లెక్క నాకెరుకే. పది ఆపుత. తయారైనంక గోడ మీద మూడుసార్లు తట్టు, గోడకు చెయ్యి వెట్టి ఉంట."

లోపలికి వెళ్లి సాంచాల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి చెవిలో ఏదో చెప్పాడు. ఎవరూ ఎదురు చెప్పినట్టు కనిపించలేదు. నేను ఇంటికి పరుగెత్తాను. ఎర్ర వెలుగులో చివరి షీటు పరిచాను. మా ఆవిడ పక్కన నిలబడి గోడ మీద మూడుసార్లు తట్టింది.

సాంచాలు ఆగాయి.

నేను ఈ కథ చెప్పినప్పుడల్లా అరవై నాలుగు సాంచాలంటాను. మా ఆవిడ పదహారే అంటుంది. పదహారే రాస్తున్నాను. ఎన్నయినా, ఆ నిశ్శబ్దం మాత్రం నేను పెంచలేనంత పెద్దది. నా చెవుల్లోంచి ఎవరో దూది లాగేసినట్టయింది. రేకు మీద పావురం నడుస్తోంది. ఎక్కడో కుక్కర్ కూత వేసింది. దూరంగా అంబులెన్సు ఒకటి వెళ్లింది. బల్బు వేశాను. మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కింద తెల్ల జుట్టు, నల్ల ముఖంతో అన్న నెగెటివ్ నీడ పడుకుని ఉంది. ఈసారి అది కదల్లేదు. ఆ ఏడు నిమిషాలు మేమిద్దరం ఊపిరి కూడా చూసుకుని వదిలాం.

బల్బు ఆర్పి షీటును మందులో వేశాను. పల్చటి మందు, చాయ్ కంటే పల్చన. నిమిషం గడిచినా ఏమీ లేదు. "తొందరపడకు" అని నాకు నేనే హిందీలో చెప్పుకున్నాను. అప్పుడు తెల్లటి ఫిల్మ్ మీద రెండు చుక్కలు తేలాయి. ముఖానికంటే ముందు, జుట్టుకంటే ముందు, కళ్లు వచ్చాయి. మమ్మల్నే చూస్తున్నాయి. వాటి చుట్టూ నెమ్మదిగా అన్న చేరాడు.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడకు అవతల ఒక్కొక్క సాంచా మళ్లీ మొదలైంది.

కడిగి, ఆరబెట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి, చీరల అట్టపెట్టె ముక్క మీద అంచులు అంటించాను. పదిహేనో రోజు పొద్దున ఇద్దరం వెళ్లి వదినె చేతికిచ్చాం. కిటికీ కింద పొయ్యి, పక్కన గూటానికి చొక్కా, గోడకు చిన్న అద్దం. ఆమె పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని అందుకుంది.

చూసింది. చాలాసేపు చూసింది. వేలితో కళ్ల దగ్గర తాకబోయి ఆగింది.

"ఆయనే. ఆయనే గాని... తమ్మీ, ఈ జేబేంది కుడి దిక్కున్నది? బూతద్దం ఎడమ జేబుల గదా పెడుతుండె. పాపిట సుత అటు దిక్కు గదా."

చూశాను. అట్ట మీద అంటించేటప్పుడు నా చేతులు నన్ను అడక్కుండా వాటి పని అవి చేశాయి. మసక వైపు కిందికి. ఇరవై ఏడేళ్లు ఎదురుగా నిలబడిన మనిషిని నేను తిరగేసి అంటించాను. కనీసం గుర్తుపట్టలేదు కూడా.

"తప్పయింది వదినె. ఇటియ్యి. ఒక్క నిమిషంల తిప్పి పెడ్త."

నేను చెయ్యి చాపితే ఆమె ఫోటోను వెనక్కి తీసుకుంది.

"ఉండు."

ఫోటోను కొంచెం దూరంగా పట్టుకుని చూసింది. తర్వాత గోడ మీది అద్దం వైపు చూసింది.

"పొద్దుగాల నేను గీడ పొయ్యి కాడ కూసుంట. ఆయన గా అద్దం ముంగట నిలవడి గడ్డం గీసుకుంటడు. నా దిక్కు ఈపే ఉంటది. చాయ్ అయిందా అని అద్దంలకెల్లి నన్ను జూసి అడుగుతడు. నేను సుత అద్దంలున్నాయనకే చెప్త. మళ్ల డ్యూటీకి పోతే రాత్రికే వచ్చుడు. మేం మాట్లాడుకున్నదంత గా అద్దంలనే తమ్మీ." ఆమె ఆ ఫోటోను అద్దం వైపు పట్టుకుంది. "మీరందరు జూసినాయన వేరు. నేను రోజు జూసినాయన గీయనే."

మా ఆవిడ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నేను గడప మీద కూర్చున్నాను. అప్పుడు వచ్చింది నిజం, ఎవరూ అడక్కుండా.

"వదినె, ఇది బొంబాయి నుంచి రాలే. బొంబాయిల ఏం లేదు. పోటీ లేదు, గోడ లేదు."

"ఎరుకే."

"ఏం ఎరుక?"

"ఆయన ఎప్పుడో చెప్పిండు. 'తమ్ముడు ఫోటువ ఖరాబు చేసిండు, చెప్పనీకె శరమై బొంబాయిల గోడకు పెట్టిండు. ఫిల్ము మాత్రం డబ్బల దాసిండు' అన్నడు." ఆమె తలెత్తి నా వైపు చూసింది. "మరి నువ్వు గోడ గురించి కొత్తగ ఏమన్న చెప్తే ఇంటికొచ్చి నాకు చెప్తుండె. పాలరాతి మెట్లయినయట, తివాచి వరిసిండ్రట అని నవ్వుతుండె. బొంబాయి నుంచి తెప్పియ్యి అంటే, నీ శరం నీకు ఉంటది, నా ఫోటువ నాకు వస్తది అనుకున్న."

బొంబాయి ప్రైజు సంగతి చెప్పిన రోజు అన్న ఆ బూతద్దం ఎందుకు తియ్యలేదో అప్పుడర్థమైంది.

ఫోటోను తిప్పాలా, అలాగే ఉంచాలా అనే గొడవ మా ఆవిడ తీర్చింది. "కాయితం తీసేయి. ఫిల్ముకు రెండు దిక్కులు ఉంటయి గదా" అంది. ఇరవై ఏడేళ్ల అనుభవం నాది, తోచింది ఆమెకు. అట్టనూ కాగితాన్నీ ఊడదీసి, ఫిల్మ్‌ను రెండు గాజు పలకల మధ్య పెట్టి, పొయ్యి పైన కిటికీకి బిగించాను. మసక వైపు గల్లీకి.

పొద్దున బయటి వెలుతురు ఫిల్మ్‌లోంచి లోపలికి వస్తుంది. పొయ్యి దగ్గర కూర్చున్న ఆమెకు అద్దంలో మనిషి కనిపిస్తాడు, జేబు కుడివైపు. సాయంత్రం ఆమె లోపల బల్బు వేస్తే వెలుగు బయటికి వస్తుంది. అప్పుడు గల్లీలో వెళ్లే మాకు మేం చూసిన మనిషి కనిపిస్తాడు, జేబు ఎడమవైపు. కార్ఖానాలో షిఫ్టు మారేటప్పుడు మేస్త్రి ఒక్క క్షణం ఆగి వెళ్తాడు. మాస్టర్ తనకూ చూపించమన్నాడు కదా, రోగం తగ్గుముఖం పట్టాక కొడుకు ఆయన్ను బండి మీద తీసుకొచ్చాడు. గల్లీలో నిలబడి చూసి, "మధ్యవన్నీ వచ్చాయి" అని మాత్రం అన్నాడు.

సైకిల్ సీటు మళ్లీ సైకిల్ మీదికి వచ్చింది. సాయంత్రం పాల పాకెట్ కోసం వెళ్తూ ఆ కిటికీ ముందు ఆగుతాను. ఒక కాలు నేల మీద పెట్టి, ఆ రోజు కొత్త సంగతి ఏదో ఒకటి చెప్తాను. నిన్న ఆ బొంబాయి హాలుకు రెండో అంతస్తు వేయించాను. అన్న కళ్లార్పకుండా విన్నాడు.